ఇందుమూలంగా హామీ ఇవ్వడమేమనగా

తెలుగులో కథలు రాసే ప్రతివాళ్లకీ ఒక పేరా కంఠతా వచ్చి ఉంటుంది. 'ఈ కథ నా సొంతమనీ, దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదనీ, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదనీ, ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ ఇందుమూలంగా హామీ ఇస్తున్నాను.' ఈ నాలుగు ముక్కలూ జతచెయ్యకపోతే కథని ఏ పత్రికవాళ్లూ ముట్టుకోరు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. పాఠం మధ్యలో పైథాగరస్ దగ్గర తడబడ్డ సందర్భాలున్నాయి గానీ, హామీపత్రం దగ్గర మాత్రం నిద్రలో లేపి అడిగినా ఒక్క అక్షరం తప్పను.

కిందటి ఉగాది పోటీకి కథ పంపుతూ హామీపత్రం కింద సంతకం పెడుతుంటే మావారు కళ్లజోడు సవరించుకుని దగ్గరికొచ్చారు.

"సొంతం అని ఎలా సంతకం పెడతావోయ్? జరిగింది మా మేనత్త ఇంట్లో. ఆ మాటలన్నీ మా అమ్మవి. మధ్యలో కోపం నాది. చివర్న ఏడ్చింది మా చెల్లెలు. ఇందులో కామాలూ ఫుల్‌స్టాపులూ తప్ప నీ సొంతం ఏముందీ?"

ఆ కామాలు కూడా మా స్కూలు తెలుగు మాస్టారు పెట్టినవేనన్న సంగతి నేను బయటపెట్టలేదు.

మావారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఏ నీరు ఏ కాలవలోంచి మళ్లిందో, ఎవరు రాత్రికి రాత్రి ఎక్కడ గండి కొట్టారో పట్టుకోవడం ఆయనకి ఉద్యోగరీత్యా అబ్బిన విద్య. రిటైరయ్యాక ఆ విద్యకి పని లేకుండాపోయి, నా కథలమీదికి మళ్లింది. కథ చదవడం మొదలెడితే పక్కన పెన్సిల్ ఉండాల్సిందే. 'ఇది 2009లో మా తమ్ముడి పెళ్లి', 'ఇది కొవ్వూరు రైల్లో గొడవ', 'ఇది నేనన్న మాట, నువ్వన్నట్టు రాసుకున్నావు' అని మార్జిన్లో గుర్తులు పెడతారు. ఆడిట్ అభ్యంతరాలు అంటారే, అవి.

మాది కాకినాడ. ఇంట్లో ఉండేది మేమిద్దరం, మా అత్తయ్యగారు. అబ్బాయి హైదరాబాదులో, అమ్మాయి డాలస్‌లో ఉంటారు గానీ, కథ అచ్చయిన ఆదివారం మాత్రం అందరూ ఫోన్లో ఇంట్లోనే ఉంటారు. అత్తయ్యగారికి ఎనభై దాటాయి. కోనసీమ మనిషి. ఐదో క్లాసుతో చదువు ఆగినా పేపరు మొదటి పేజీలో తేదీ దగ్గర మొదలెట్టి చివరి పేజీలో అచ్చు వేసినవారి పేరు దాకా చదివితే గానీ మడత పెట్టరు. నాకు ఆవిడ కన్నా నిష్ఠగల పాఠకురాలు లేదు, ఆవిడంటే నాకున్న భయం సంపాదకులంటే కూడా లేదు.

మా వాళ్లు నా కథ తెరిచేది ఆధార్ కార్డు చేతికొచ్చినప్పుడు చూసుకున్నట్టు. పేరు సరిగ్గా పడిందా, వయసు ఎక్కువేశారా, ఫొటోలో ఇంత వికారంగా ఉన్నానా! శిల్పం, దృక్కోణం, ముగింపులో మెరుపు, వీటి ఊసు ఎవరికీ పట్టదు. మా అబ్బాయి ఒక కథ చదివి అడిగిన ఒకే ఒక ప్రశ్న: "అమ్మా, ఇందులో అప్పుచేసి బైక్ కొన్న వెధవ నేనేనా?" కాదు నాన్నా అన్నాను. "మరి బండి నంబరు నాదెందుకు వేశావు?" అన్నాడు. ఏదో ఒక నంబరు వెయ్యాలి కదా అనుకున్నాను, గుర్తున్నది అదొక్కటే.

పెద్దలు ఈ గండాన్ని ఎలా దాటారా అని చూస్తే, వాళ్ల ఇళ్లు వేరేగా ఉండేవేమో అనిపిస్తుంది. మునిమాణిక్యం నరసింహారావు గారూ పంతులే. కాంతం అని పేరుపెట్టి మరీ కథలమీద కథలు రాశారు. తెలుగు దేశమంతా కాంతాన్ని ఇంటిమనిషిని చేసుకుంది. ముళ్లపూడి వెంకటరమణ గారు బుడుగు చేత ఇంట్లోవాళ్ల గుట్లన్నీ చెప్పిస్తే, బాపుగారు బొమ్మలేశారు, జనం పిల్లలకి ఆ పేరు పెట్టి పిలుచుకున్నారు. ఈ ఉదాహరణలు చూపించి, "మగవాళ్లు పెళ్లాంమీద రాస్తే హాస్యం, మేం మొగుడిమీద రాస్తే ఆడిట్టా?" అని నిలదీశాను. మావారు పెన్సిల్ చెవిమీద పెట్టుకుని, "కాంతం కథలు చదివాక ఎవరికైనా కాంతంమీద ఇష్టం పెరుగుతుంది. నీ కథ చదివాక మా ఆఫీసు స్నేహితులు నాకు ఫోన్ చేసి 'ఒంట్లో బాగుందా' అని అడుగుతున్నారు. తేడా అదీ" అన్నారు.

ఇలాంటప్పుడు ఆయన్ని గెలిపించి వదిలెయ్యడం మేలు. 1910లో గురజాడవారి 'దిద్దుబాటు' అచ్చయినప్పుడు కమలిని ఒక ఉత్తరం ముక్కతో మొగుణ్ణి దిద్దుకుంది. నూటపాతికేళ్లు కూడా తిరక్కుండా, మొగుడే పెన్సిల్ పుచ్చుకుని పెళ్లాం కథ దిద్దే దశకి మేం చేరుకున్నాం.

కిందటేడు అచ్చయిన వాటిలో మొదటిది ఒక ఆదివారం అనుబంధంలో వచ్చింది. ఆదివారం కథ అంటే చోటు తక్కువ, పదాలు లెక్కపెట్టుకుని రాయాలి. లెక్కల టీచర్ని గనక ఆ పని నాకు బాగానే వచ్చు, పొదుపుగానే రాశాను. అయినా ఆ వారం ఒక పరుపుల ప్రకటన పెద్దదొచ్చి పడినట్టుంది, కథలో చివరి పేరా ఎగిరిపోయింది. నాయిక గుమ్మం దగ్గర నిలబడి తలుపు కొట్టబోతుంది. అంతే. పక్కన పరుపు. తలుపు తీసిందెవరు, లోపలేం జరిగింది, పదిరోజులు నిద్రమాని రాసుకున్న మెరుపు ముగింపు ఏమైంది, పరుపుకే తెలియాలి.

నేను మంచమెక్కి పడుకున్నాను. పదింటికి ఫోన్లు మొదలయ్యాయి. "ఏం ముగింపండీ! పాఠకుడి ఊహకే వదిలేశారు." "అంతా చెప్పేసే కథలు చదివి చదివి విసుగొచ్చిందమ్మా, మీరు సరిగ్గా ఎక్కడ ఆపాలో అక్కడ ఆపారు." రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన ఆ తలుపు వెనక సమాజం ఉందన్నారు. నేను ఒప్పుకున్నాను. ఏం చెయ్యను మరి? "ఆ పరుపులవాళ్లకి ఒక థాంక్స్ కార్డు పడెయ్యి, వచ్చే కథకి కూడా వాళ్లనే రమ్మను" అన్నారు మావారు.

మన పత్రికలు కథ కింద రచయిత ఫోన్ నంబరు వేస్తాయి. ఇతర భాషలవాళ్లకి ఈ భాగ్యం ఉందో లేదో గానీ మనకి ఉంది. దానివల్ల సాహిత్య చర్చ జరుగుతుందని మొదట్లో నమ్మాను. చేసేవాళ్లలో నిజంగా కథ చదివినవాళ్లుంటారు, వాళ్ల పాదాలకి దణ్ణం. ఆ తరవాత తమ జీవితమే పెద్ద కథ, రాసిపెట్టమనేవాళ్లు. ఆ తరవాత మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నామా, జాతకం పంపగలమా అని వాకబు చేసేవాళ్లు. ఒకాయన కథంతా మెచ్చుకుని, నాయిక ఉండే వీధిలో స్థలాల ధర ఎంత పలుకుతోందని అడిగారు. అత్తయ్యగారు ఫోన్ లాక్కుని గజం లెక్కన చెప్పారు.

పారితోషికం గురించి కూడా చెప్పాలి. మనియార్డరు రోజుల్లో ఒక దర్జా ఉండేది. పోస్టుమాన్ వీధి చివర్నుంచే కేకేసేవాడు, సంతకం పెడుతుంటే ఎదురింటావిడ కిటికీ తీసేది, ఎంతొచ్చిందో ఎవరికీ తెలీకపోయినా వచ్చిందని వాడంతటికీ తెలిసేది. ఇప్పుడు బ్యాంకు వివరాలు అడుగుతారు, డబ్బులు చడీచప్పుడూ లేకుండా ఖాతాలో పడతాయి. ఎదురింటావిడ కిటికీ మూసే ఉంటుంది. నా చివరి పారితోషికం మధ్యాహ్నం పడింది, సాయంత్రానికి గ్యాస్‌బండకి పోయింది. సాహిత్యం వల్ల ఇంట్లో పొయ్యి వెలిగిందని అబ్బాయికి చెబితే, "సబ్సిడీ కాదుగా అమ్మా, సరిగ్గా చూశావా?" అన్నాడు.

అసలు కథ రెండోది. అది ఒక వారపత్రికలో వచ్చింది. కోనసీమలో పాత మండువా ఇల్లు, ఇద్దరు కొడుకులు, ఆస్తి పంపకం. ఇత్తడి బిందెల దగ్గర్నుంచి కొబ్బరిచెట్ల దాకా అన్నీ పంచుకుంటారు గానీ అమ్మ పోపులపెట్టె మాత్రం ఎవరికీ అక్కర్లేకపోతుంది. ఇందులో నా తప్పేమైనా ఉందా, మీరే చెప్పండి. పంపకం జరగాలంటే పెద్దావిడ పోవాలి. రెండో పేజీలో పోయింది. శిల్పరీత్యా తప్పలేదు. ఆ ఇంటి పెరటి నుయ్యి, ఆవిడ కొబ్బరీనెలు చీరి చీపుళ్లు కట్టడం, ఎవరొచ్చినా 'ఏం తిన్నావు' అనకుండా 'ఎప్పుడు తిన్నావు' అని అడగడం, ఇవన్నీ కళ్లారా చూసినవి గనక అలాగే దింపేశాను. దింపినచోట బాగానే అతికాయి. అక్కడే ముప్పొచ్చింది.

పత్రికలో నా ఫొటో, ఊరి పేరు, ఫోన్ నంబరు. అమలాపురం దగ్గర మా దూరపు చుట్టం ఒకావిడ మొదటి రెండు పేజీలూ చదివి, మూడోది తిప్పే ధైర్యం లేక, ఫోన్ అందుకుంది. నేను బడిలో ఉన్నాను, ఫోన్ ఇంట్లో మర్చిపోయాను. ఎత్తింది అత్తయ్యగారు.

"ఏవమ్మా, పెద్దావిడ పోయారటగా! మాకు కబురైనా చెయ్యలేదే?"

"ఎవరూ, సుబ్బాయమ్మ కోడలివా? ఔను, పోయాను. నలభయ్యో పేజీలో."

నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు వసారాలో పత్రిక ఒళ్లో పెట్టుకుని కూచున్నారు. పరామర్శ ఫోన్లు మరో మూడు నాలుగు వచ్చినట్టున్నాయి. చెప్పులు విప్పకుండానే క్షమాపణ మొదలెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"పోతే పోయాన్లే, ఎప్పటికైనా పోయేదాన్నే. ఆర్నెల్లు మంచంలో తీసుకుని పోయినట్టు రాస్తావేంటే అమ్మాయ్? నేనొకరి చేత మంచినీళ్లు తెప్పించుకునే మనిషినా? ఏకాదశి పూటా దీపం పెట్టుకుని, అలా చాపమీద ఒరిగినట్టు రాస్తే నీ సొమ్మేం పోయింది?"

"సానుభూతి కోసమండీ..."

"సరే. పన్నెండోరోజు భోజనాల ఊసే లేదేం? గారెల్లేవు, బూరెల్లేవు, ఊరివాళ్లని పిలిచింది లేదు. ఇద్దరు కొడుకులుండి అంత గతిలేని కొంపా నాది? చదివినవాళ్లు ఏవనుకుంటారు?"

"చోటు సరిపోలేదండీ. వాళ్లు ఇన్నే పదాలని పెడతారు."

"హవ్వ! ఆఖరికి నా కర్మకి పదాలు కరువొచ్చాయన్నమాట."

తరవాత భానుమతి గారి ప్రస్తావన వచ్చింది. ఆవిడ 'అత్తగారి కథలు' అత్తయ్యగారు ఎప్పుడో చదివారు, ఇప్పటికీ అందులో అత్తగారు ఆవకాయ పెట్టించిన వైనం అక్షరం పొల్లుపోకుండా చెబుతారు. "ఆవిడ సినిమాతారై ఉండి, స్టూడియో ఉండి, అంత తీరికలేని మనిషి. అత్తగారిని పుస్తకం పొడుగునా ఎంత ముచ్చటగా నడిపించిందీ! నువ్వు లెక్కలు చెప్పుకునేదానివి, రెండు పేజీలు మొయ్యలేకపోయావు నన్ను." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ రోజు నుంచీ అత్తయ్యగారు తన మరణాన్ని బాగా వాడుకుంటున్నారు. బీపీ మాత్ర వేసుకోమంటే, "పోయినదానికి బీపీ ఏంటే?" మావయ్యగారి తద్దినానికి ఉపవాసం వద్దు, ఒంటికి పడదు అంటే, "ఇద్దరం ఒకచోటే ఉన్నాంగా, మేం చూసుకుంటాం." ఆడపడుచు ఫోన్లో ఒంట్లో ఎలా ఉందమ్మా అంటే, "మీ వదిన్ని అడుగు, ఆ సంగతి రాసిపెట్టింది ఆవిడేగా." పెరుగు పుల్లగా ఉందంటే కూడా కథే గుర్తొస్తోంది. ఇంట్లో ఎవరూ ఆవిడ మాట తీసెయ్యడానికి లేదు. పోయినవాళ్ల మాట తీసెయ్యకూడదంటారు మావారు.

ప్రాయశ్చిత్తంగా ఇంకో కథ రాశాను. ఇందులో ఎనభయ్యేళ్ల అత్తగారు ఒంటరిగా కాశీ వెళుతుంది, పడవవాడితో బేరమాడి గెలుస్తుంది, రైల్లో సూట్‌కేసు దొంగని పట్టిస్తుంది, తిరిగొచ్చి ఊరందరికీ గంగ చెంబులు పంచుతుంది. అత్తయ్యగారు రాతప్రతి విని, ఒక్కచోట బేరం ఇంకా తగ్గించమని సవరణ చెప్పి, ఆమోదించారు. పంపాను. తిరిగొచ్చింది. 'పాత్ర చిత్రణ సహజంగా లేదు' అని ఒక వాక్యం. చంపినప్పుడు సహజంగా ఉంది, బతికిస్తే సహజంగా లేదట. ఈ ముక్క అత్తయ్యగారికి చెప్పలేదు. ఇంకా పరిశీలనలో ఉందన్నాను. పోనీ ఇంకెక్కడికైనా పంపుదామంటే తలుపులు తగ్గిపోయాయి. 1978లో మొదలై మా తరానికి కథలూ నవలలూ నేర్పిన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. కరోనా రోజుల్లో మూతపడ్డవి మరికొన్ని ఉన్నాయి. నేను దిగులుపడితే మావారు ఓదార్పుగానే అన్నారనుకుంటాను: "అంత పెద్ద పత్రికలు ఆగాయి. నువ్వు ఆగలేదు. గట్టిదానివే."

ఉగాది పోటీ కథకి బహుమతి రాలేదు, సాధారణ ప్రచురణకి తీసుకున్నారు. అది అచ్చయినప్పుడు బొమ్మలో మొగుడు పాత్రకి బట్టతల వచ్చింది. "బట్టతలని రాశావా?" అని మావారు తల తడుముకుంటూ అడిగారు. "లేదండీ, ఒట్టు. ఆర్టిస్టు కథ చదివి ఊహించుకున్నారు." అది ఇంకా పెద్ద దెబ్బని తరవాత తెలిసింది. బహుమతి రానందుకు ఆయన నన్ను ఊరడించాల్సింది పోయి, నేనే ఆయన్ని ఊరడించాల్సొచ్చింది. ఆ ఊపులో పాలగుమ్మి పద్మరాజు గారిని ఎత్తాను. మా కాకినాడ పీఆర్ కాలేజీలోనే సైన్సు పాఠాలు చెప్పుకున్న మనిషి, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌వాళ్ల ప్రపంచ కథల పోటీలో 'గాలివాన'కి రెండో బహుమతి తెచ్చుకున్నారు, మనమెంత నిబ్బరంగా ఉండాలి అన్నాను. "ఆ కాలేజీలో నేనూ చదివాను. కథలు రాయలేదు. దానివల్ల ఇంట్లో ఎవరికీ జుట్టు ఊడలేదు" అన్నారు.

ఇక పుస్తకం. కథలన్నీ కలిపి సంపుటి వేద్దామన్న కోరిక ప్రతి కథకుడికీ ఒక వయసులో పుట్టే జబ్బు. జీతం బకాయిలు వచ్చాక వేద్దామనుకున్నాను. బకాయిలు రాలేదు, మోకాళ్లు అరుగుతున్నాయి. చీటీ పాడేశాను. ఫ్రిజ్ మార్చాలని కట్టుకుంటున్న చీటీ అది. డెమ్మీ సైజులో 16 పేజీలు ఒక ఫారం. నా కథలు తొమ్మిది ఫారాలు నిండి, పదో ఫారంలోకి నాలుగు పేజీలు ఒలికాయి. పది ఫారాల డబ్బు కట్టి ఖాళీ పేజీలు వేసుకోవడం లెక్కల టీచర్‌కి అవమానం. అందుకని ముందుమాటలు రెండు రాయించాను, నా మాట పొడిగించాను, కృతజ్ఞతల్లో చీటీ సభ్యులందరినీ చేర్చాను. ఇంకా ఒక పేజీ మిగిలితే అత్తయ్యగారికి అంకితం ఇచ్చాను. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. ఫారం లెక్క చెప్పి ఆ క్షణాన్ని పాడుచెయ్యలేదు.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఐఎస్‌బీఎన్. 978తో మొదలయ్యే 13 అంకెలు. ఒకదాన్ని 1తో, పక్కదాన్ని 3తో, మళ్లీ 1తో, మళ్లీ 3తో గుణించుకుంటూ పోయి అన్నీ కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. నా నంబరు కూడి చూశాను, భాగించబడింది. తొమ్మిదో తరగతి పిల్లల చేత కూడా చేయించాను. పుస్తకం మొత్తంలో అచ్చుతప్పు లేని పంక్తి అదొక్కటేనని మావారి తీర్పు.

ఐదువందల కాపీలు ఆటోలో వచ్చి దివాన్‌కాట్ కిందికి చేరాయి. పంపిణీదారులు సగం దాకా కమిషన్ అడుగుతారు, మిగిలిన సగం ఎప్పుడిస్తారన్నది వాళ్లిష్టం. పోస్టులో పంపుకుందామంటే, పుస్తకాలకి చవగ్గా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టుని 2024 డిసెంబరులో ఎత్తేశారు. నా పుస్తకం ఆ తరవాత పుట్టింది, దాని జాతకం అలాంటిది. అయితే 1954 నాటి చట్టం ఒకటుంది. దేశంలో ఏ పుస్తకం వేసినా కలకత్తా నేషనల్ లైబ్రరీకి ఒకటి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి ఒకటి, ముంబై, ఢిల్లీలకి ఒక్కోటీ ప్రచురణకర్త తన ఖర్చుతో పంపాలి. పంపాను. "కొనేవాళ్లు దొరక్కపోయినా, తీసుకోక తప్పనివాళ్లు నలుగురున్నారు. చట్టం గొప్పది" అన్నారు మావారు.

ఇంకో కాపీ నేనే స్వయంగా ఇద్దామని శ్రీకాకుళం వెళ్లాను, కథానిలయానికి. అరసవిల్లి సూర్యనారాయణమూర్తి దర్శనం అవుతుందని అత్తయ్యగారూ, తోడుగా మావారూ బయల్దేరారు. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అవార్డు డబ్బుతో తలపెట్టి 1997లో నిలబెట్టిన ఇల్లు అది. తెలుగులో వచ్చిన కథ ఎవరిదైనా, ఎంత చిన్న పత్రికలోదైనా, అక్కడ చోటుండాలన్నది ఆయన పట్టుదల. ఆయనా లెక్కల మాస్టారే అని దారిపొడుగునా మావారికి గుర్తుచేశాను. "ఆయన మధ్యలో కొన్నేళ్లు రాయడం మానేశారట కూడా. పోలిక తెచ్చుకుంటే పూర్తిగా తెచ్చుకోవాలి" అన్నారు.

లోపల అన్ని వేల కథలు, పాత పత్రికల బైండ్లు చూసి అత్తయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా నా భుజం తట్టి అడిగారు.

"నేను పోయిన కథ కూడా ఇక్కడ ఉంచుతారా?"

"పుస్తకంలో ఉందిగా అత్తయ్యగారూ, ఉంచుతారు."

"ఎన్నాళ్లు?"

"ఎప్పటికీనండీ."

"అయితే మన ఊళ్లో సుబ్బాయమ్మ పోయింది, ఎవరికీ గుర్తులేదు. నేను పోకుండానే ఎప్పటికీ ఉంటానన్నమాట." అరసవిల్లిలో ఆ రోజు ప్రసాదం ఆవిడే తన డబ్బులతో కొన్నారు. నేను కథలు రాయడం మొదలెట్టాక ఇంట్లో నాకు దక్కిన సమీక్షల్లో దానికి మించింది లేదు, పత్రికల్లో అసలే లేదు.

ఆవిష్కరణ సభ కాకినాడలోనే ఒక హాల్లో పెట్టాం. అధ్యక్షుడు, ఆవిష్కర్త, ఇద్దరు వక్తలు, ఆత్మీయ అతిథి. పుస్తకం చదివినవాళ్లు తక్కువ మాట్లాడారు, చదవనివాళ్లు తెలుగు కథ పుట్టుక దగ్గర మొదలెట్టి నా దాకా రాకుండానే టైం అయిపోయిందని కూచున్నారు. మావారు వెనకవరసలో టిఫిన్ పొట్లాలు, వచ్చిన తలలు సరిచూసుకుంటున్నారు. అంకితం పుచ్చుకున్నందుకు అత్తయ్యగారిని వేదికెక్కించి శాలువా కప్పారు. మైకు ఆవిడ ముందు పెట్టడం నిర్వాహకుల తొందరపాటు.

"అందరికీ దండాలు. ఈ పుస్తకంలో డెబ్బయ్యారో పేజీలో పోయింది నేనే" అన్నారు. హాలు దద్దరిల్లింది. తరవాత ఆవిడ పన్నెండోరోజు భోజనాల విషయం సభ దృష్టికి తెచ్చారు. గారెలు, బూరెలు, పులిహోర, కందాబచ్చలి, పనసపొట్టు కూర, ఎంతమందికి ఎన్ని కుంచాల బియ్యం, అన్నీ. అధ్యక్షుడు ఆపమని చీటీ పంపలేదు, తనూ నోట్లో నీళ్లూరించుకుంటూ విన్నాడు. సభ అయ్యాక సంతకాల కోసం జనం వచ్చారు. నేను పెన్ను మూత తీసి నవ్వుతూ కూచున్నాను. వరస నన్ను దాటి ఆవిడ కుర్చీ దగ్గర ఆగింది. అంతవరకూ ఆవిడ సంతకం పెట్టింది పింఛను కోసమే. నిదానంగా, పూర్తి ఇంటిపేరుతో, ప్రతి కాపీలోనూ తాను పోయిన పేజీ తీయించి, అక్కడే పెట్టారు.

ఆ సాయంత్రం అమ్ముడైనవి పోగా మిగిలినవన్నీ మళ్లీ దివాన్‌కాట్ కిందికే వచ్చాయి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో తెలిసినవాళ్ల స్టాల్లో ఒక మూల ఇస్తామన్నారు గానీ, అది సంక్రాంతి గొడవల్లో కలిసే ప్రయాణం. ఆ సంక్రాంతికే మా ఆడపడుచు కుటుంబంతో సహా దిగుతోంది. దివాన్‌కాట్ కింద పిండివంటల డబ్బాలు పెట్టుకోవాలి. ఫ్రిజ్ ఎలాగూ రాలేదు.

కాబట్టి పాఠక మహాశయులకు మనవి. పుస్తకం వెల అట్టమీద ఉంది. బేరమాడితే సగానికిస్తాం. బేరమాడడానికి మొహమాటపడేవాళ్లకి ఊరికే ఇస్తాం. కాకినాడ చుట్టుపక్కల వాళ్లయితే మావారు సైకిల్‌మీద తెచ్చిపెడతారు, మార్జిన్లో ఆయన పెన్సిల్ గుర్తులున్న కాపీ కావాలంటే అదీ ఒకటుంది. అత్తయ్యగారి సంతకం అన్నిటిమీదా తప్పకుండా ఉంటుంది. చదివాక ఫోన్ చెయ్యండి, ఎత్తేది ఆవిడే. కథ బాగుందనో బాగోలేదనో మీ ఇష్టం, ఏదైనా చెప్పండి గానీ, దయచేసి పరామర్శించకండి. బీపీ మాత్ర వేసుకున్నారా అని మాత్రం అడగండి.